'అమెరికన్ బ్యాండ్' మీద శ్రోతల మాట: ఎవరిది వినాలి, ఎంతవరకు వినాలి

మీరు అడిగినది ఇది. లెనర్డ్ స్కినర్డ్ బ్యాండ్ పాటలతో మీకు సదరన్ రాక్, అంటే అమెరికా దక్షిణాది రాక్ సంగీతం, పరిచయమైంది. అక్కడి నుంచి వెతుక్కుంటూ డ్రైవ్-బై ట్రక్కర్స్ దాకా వచ్చారు. వాళ్ల 'అమెరికన్ బ్యాండ్' ఆల్బమ్ 2016లో కొత్తగా విడుదలైనప్పుడు శ్రోతలు రాసిన అభిప్రాయాలు చదివితే ఏమీ పాలుపోలేదు. ఒకరు వాళ్ల ఆల్బమ్‌లన్నిటిలో ఇదే గొప్పదంటారు. ఒకరు పాటలు మానేసి ఉపన్యాసాలు మొదలుపెట్టారంటారు. ఇంకొకరు ఒకప్పుడు ఇందులో గిటార్ వాయించి పాటలు రాసిన జేసన్ ఇజ్బెల్ వెళ్లిపోయిన రోజే ఈ బ్యాండ్ పని అయిపోయిందంటారు. వీళ్లలో ఎవరిని నమ్మాలి, అసలు ఈ ఆల్బమ్ వినాలా వద్దా?

వినండి, తప్పకుండా వినండి. ఎవరిని నమ్మాలన్నదానికి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఆల్బమ్‌ను తిట్టినవారిలో రెండు రకాలవారున్నారు. ఒక రకం వారి ఫిర్యాదు నిలవదు. రెండో రకం వారి ఫిర్యాదులో నిజం ఉంది. చదివేటప్పుడు ఆ రెండూ కలిసిపోయి ఒకే గోలలా వినిపిస్తాయి. వాటిని విడదీసుకుంటే ఆల్బమ్ కూడా మీకు బాగా వినిపిస్తుంది. నేను జార్జియాలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. ఈ బ్యాండ్ పుట్టిన ఏథెన్స్ మా ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. వాళ్ల కచేరీలకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు. అందుకే ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది, అది ముందే చెప్పేస్తున్నాను.

ఆల్బమ్ విడుదలైనది 2016 సెప్టెంబర్ 30న, శుక్రవారం. ఆ రోజు నేను ఏథెన్స్‌లో ఒక రికార్డుల దుకాణంలో ఉన్నాను. అరవై ఏళ్లు దాటిన ఒకాయన ఆ ఎల్పీని చేతిలోకి తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశారు. 'సదరన్ రాక్ ఒపెరా' కాలం నుంచి ఈ బ్యాండ్ ముఖచిత్రాలను వెస్ ఫ్రీడ్ అనే చిత్రకారుడు గీసేవారు. వంకర చెట్లు, పెద్ద చందమామ, గుడ్లగూబల్లాంటి పక్షులు, ఎముకల చేతులు. దూరం నుంచి చూసినా ఇది ట్రక్కర్స్ రికార్డు అని తెలిసిపోయేది. ఈ అట్ట మీద ఆ బొమ్మ లేదు. సగానికి దించిన అమెరికా జెండా ఫొటో ఉంది. ఆయన ఆ ఫొటోను వేలితో ఒకసారి తడిమి, "వెస్ బొమ్మ ఏదీ?" అని దుకాణదారుణ్ని అడిగారు. జవాబు విన్నాక ఎల్పీని తీసిన చోటే జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయారు. ఒక్క పాటైనా వినకముందే ఆయన అభిప్రాయం ఖరారైపోయింది. అయినా దాన్ని నేను కొట్టిపారేయను. ఆ అట్ట మార్పు పొరపాటున జరిగినది కాదు. లోపల జరిగిన మార్పును బ్యాండే బయట ప్రకటించింది. ఆయన దాన్ని సరిగ్గానే చదివారు.

ఇక మొదటి రకం ఫిర్యాదు చూద్దాం. "సదరన్ రాక్ అంటే గిటార్లు, రోడ్డు, విస్కీ, స్నేహితులు. రాజకీయాలు ఎందుకు తెచ్చారు?" మీరు చదివిన వాటిలో సగం ఇవే అయి ఉంటాయి. ఇలా రాసినవారికి తాము ప్రేమించే సంగీతం చరిత్రే గుర్తు లేదు. మీకు స్కినర్డ్ ఇష్టమన్నారు కాబట్టి వాళ్లతోనే మొదలుపెడతాను. 1974లో వచ్చిన 'స్వీట్ హోమ్ అలబామా' ఒక వాదనకు జవాబు. దక్షిణాది జాత్యహంకారం గురించి గాయకుడు నీల్ యంగ్ 1970లో 'సదరన్ మ్యాన్', 1972లో 'అలబామా' పాడితే, తమ ప్రాంతం మొత్తాన్ని ఒకే గాటన కట్టారని స్కినర్డ్ గాయకుడు రానీ వాన్ జాంట్‌కు కోపం వచ్చింది. ఆ కోపంలోంచి పుట్టిన పాటలో అలబామా గవర్నర్ ప్రస్తావన ఉంది, వాటర్‌గేట్ కుంభకోణం ప్రస్తావన ఉంది. అంతకంటే స్పష్టమైన రాజకీయ పాట ఏముంటుంది?

ఆ మరుసటి ఏడాది, 1975లో, 'నథిన్ ఫ్యాన్సీ' ఆల్బమ్ మొదటి పాటగా 'సాటర్డే నైట్ స్పెషల్' వచ్చింది. చవకగా దొరికే చిన్న చేతి తుపాకిని అమెరికాలో ఆ పేరుతో పిలుస్తారు. ఆ తుపాకి మనుషుల్ని చంపడానికి తప్ప ఎందుకూ పనికిరాదని, అన్నిటినీ తీసుకెళ్లి సముద్రంలో పారేద్దామని ఆ పాట నేరుగా చెబుతుంది. చెప్పిన వాన్ జాంట్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ కుర్రాడు, వేటకు, చేపలకు వెళ్లే కుటుంబాల మధ్య పెరిగినవాడు. నలభై ఏళ్ల తర్వాత ట్రక్కర్స్ తుపాకుల గురించి పాడితే "స్కినర్డ్ ఇలా చేసేవాళ్లు కాదు" అని రాసినవారు ఆ పాటను కారులో వందసార్లు విని ఉంటారు. చెవికి గిటార్ రిఫ్ అందింది, మాట అందలేదు.

ఇంకో సదరన్ రాక్ బ్యాండ్ ఆల్మన్ బ్రదర్స్ సంగతి కూడా తెలుసుకోండి. 1969లో మొదలైన ఆ బ్యాండ్‌లో ఇద్దరు డ్రమ్మర్లలో ఒకరు, జైమో, నల్లజాతివాడు. జార్జియాలోని మేకన్‌ను ఇల్లు చేసుకుని, తెల్లవాళ్లూ నల్లవాడూ ఒకే వ్యాన్‌లో తిరగడం ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో చిన్న విషయం కాదు. వాళ్లు దాని గురించి ప్రకటనలు చేయలేదు, అలా బతికారు. తర్వాత జిమ్మీ కార్టర్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తే ఆయన ప్రచారం కోసం కచేరీ చేసి డబ్బు పోగుచేసి ఇచ్చారు. ఈ సంగీతంలో రాజకీయం లేని కాలమంటూ ఒకటి ఉందని ఎవరైనా చెబితే, అది ఏ ఏడాదో చెప్పమనండి.

ట్రక్కర్స్ విషయానికి వస్తే ఆ వాదన మరీ బలహీనం. బ్యాండ్‌కు పాటలు రాసి పాడే పాటర్సన్ హుడ్, మైక్ కూలీ ఇద్దరూ అలబామాలోని మజిల్ షోల్స్ ప్రాంతంవారు. పాటర్సన్ తండ్రి డేవిడ్ హుడ్ అక్కడి స్టూడియో వాద్యబృందంలో బేస్ వాయించేవారు. 'స్వీట్ హోమ్ అలబామా'లో వినిపించే 'స్వాంపర్స్' అన్న పేరు వాళ్లదే. ఆ బృందంలోని నలుగురూ తెల్లవాళ్లు. వాళ్ల వాయిద్యం మీద పాడినవారిలో నల్లజాతి మహా గాయకులు ఎందరో. స్టేపుల్ సింగర్స్ 1972 నాటి 'ఐల్ టేక్ యూ దేర్' ఒకసారి పెట్టి వినండి. మధ్యలో మిగతా వాయిద్యాలు కాస్త వెనక్కి తగ్గి బేస్ ముందుకు వస్తుంది. గుండ్రంగా, తొందర లేకుండా నాలుగు అడుగులు వేసి ఆగినట్టు ఉంటుంది ఆ నడక. అప్పుడు ఆ బృంద గాయని మేవిస్ స్టేపుల్స్ ముద్దుగా "లిటిల్ డేవిడ్" అని పిలుస్తుంది. ఆ డేవిడ్ పాటర్సన్ తండ్రి. అప్పటికి పాటర్సన్ వయసు ఎనిమిదేళ్లు. రాష్ట్ర గవర్నర్ పేరు చెబితే ప్రపంచం జాతి విభజనను తలుచుకునే కాలంలో, ఆ రాష్ట్రంలోనే తండ్రి రోజూ ఆ గదిలోకి వెళ్లి ఈ పని చేసి ఇంటికి వచ్చేవాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఏం పాడతాడు?

ఆ వైరుధ్యాన్నే పాడాడు. 2001లో వచ్చిన 'సదరన్ రాక్ ఒపెరా' రెండు డిస్కుల ఆల్బమ్. స్కినర్డ్ కథను, 1977 అక్టోబర్ 20న మిసిసిపీలో కూలిన వాళ్ల విమానాన్ని ఆధారం చేసుకుని మొత్తం దక్షిణాది గురించి మాట్లాడుతుంది. అందులో జాతి విభజనను సమర్థించిన ఆ అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్ నరకానికి వస్తుంటే సైతాను స్వాగత ఏర్పాట్లు చేసుకునే పాట ఉంది. ఇజ్బెల్ చేరకముందే రికార్డయిన ఆల్బమ్ అది. "పాత ట్రక్కర్స్‌కి రాజకీయాలు లేవు" అన్న మాట చదివితే, అది రాసినవారు ఆ పాటను దాటేసి విన్నారని అనుకోండి.

ఇంతవరకు మొదటి రకం. ఇక రెండో రకం ఫిర్యాదు. దీన్ని రాసినవారు తక్కువమంది, వాళ్ల అభిప్రాయాలు తరచుగా పొడవుగా, బాధగా ఉంటాయి. వాళ్ల మాట ఇది: "విషయం మారలేదు, గొంతు మారింది. ముందు వీళ్లు ఒక మనిషిని నా ముందు నిలబెట్టి అతడి చేత చెప్పించేవాళ్లు. ఇప్పుడు వాళ్లే చెబుతున్నారు." ఇది సరైన పరిశీలన. 2004 నాటి 'ద డర్టీ సౌత్'లో 'పుట్టిన్ పీపుల్ ఆన్ ద మూన్' వింటే తేడా తెలుస్తుంది. ఉత్తర అలబామాలో పని పోగొట్టుకున్న మనిషి తన గోడు తానే చెప్పుకుంటాడు. పక్క ఊళ్లో చంద్రుడి మీదకు మనుషుల్ని పంపే రాకెట్లు తయారవుతుంటాయి. ఇతడి భార్యకు జబ్బు, ఇంట్లో డబ్బు లేదు, మత్తుమందులు అమ్మే దారి పడతాడు. తప్పు ఎవరిదో పాట తీర్పు చెప్పదు. మీరే ఆ మనిషి పక్కన కూర్చుని తేల్చుకోవాలి. 'అమెరికన్ బ్యాండ్'లోని కొన్ని పాటలు మీకు ఆ అవకాశం ఇవ్వవు. పాడేవాడు తన పేరు మీదే మాట్లాడతాడు.

బుర్రకథ విన్నవారికి ఈ తేడా వెంటనే అందుతుంది. మధ్యలో కథకుడు ఉంటాడు, చెరో పక్క వంత పాడేవాళ్లు ఉంటారు. ఒకరిది హాస్యం. ఇంకొకరు కథను మధ్యలో ఆపి, ఈ రోజు ఊళ్లో జరుగుతున్నదాని మీద నాలుగు మాటలు అంటారు. కథ ఎంత పాతదైనా ఆ వంతగాడి మాట ఈనాటిదే. ట్రక్కర్స్ పదిహేనేళ్లపాటు కథకుడి స్థానంలో నిలబడ్డారు. ఈ ఆల్బమ్‌లో రాజకీయ వంతగాడి స్థానంలోకి జరిగారు. కథ కోసం వచ్చి కూర్చున్నవారికి అది లోటుగా అనిపించడం న్యాయమే.

అలా ఎందుకు జరిగారు? దీనికి ఒక కారణం శ్రోతలలోనే ఉందని నా నమ్మకం. 'సదరన్ రాక్ ఒపెరా'లో 'ద సదరన్ థింగ్' అనే పాట ఉంది. దక్షిణాదివాడిగా ఉండడంలోని గర్వాన్నీ సిగ్గునీ ఒకేచోట పెట్టిన పాట అది. కచేరీల్లో కొందరు దాన్ని కాన్ఫెడరేట్ జెండా (అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండా) పాటగా తీసుకుని కేరింతలు కొట్టారు. అలా అపార్థం కావడం వల్లే దాన్ని పాడడం బాగా తగ్గించామని పాటర్సన్ 2015లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంలో చెప్పారు. ఆ ఏడాది జూన్ 17న చార్ల్స్‌టన్‌లో నల్లజాతివారి ఎమాన్యుయెల్ చర్చిలో తొమ్మిదిమందిని కాల్చి చంపారు. హంతకుడు అదే జెండాతో దిగిన ఫొటోలు బయటపడ్డాయి. జూలై 10న దక్షిణ కెరొలైనా రాష్ట్ర శాసనసభ ఆవరణలోంచి ఆ జెండాను దించారు. వేరొకరి గొంతులో పాడిన పాటను తప్పుగా అర్థం చేసుకుని జెండా ఊపినవారిని ఎదురుగా చూసినవాడు, ఆ వేసవి తర్వాత మళ్లీ అదే దారిలో పాట రాయగలడా? నాకైతే ఈ ఆల్బమ్ ఆ అపార్థానికి ఇచ్చిన జవాబులా వినిపిస్తుంది.

పాటల దగ్గరకు వద్దాం. మొత్తం పదకొండు. ఆరు పాటర్సన్‌వి, అయిదు కూలీవి.

మొదటిది 'రమోన్ కసియానో'. కూలీ రాసిన పాట. ఈ పాట కోసమే ఈ ఆల్బమ్ కొన్నా నష్టం లేదు. 1931లో టెక్సస్ సరిహద్దు పట్టణం లరేడోలో రమోన్ కసియానో అనే పదిహేనేళ్ల మెక్సికన్ అమెరికన్ కుర్రవాణ్ని, పదిహేడేళ్ల హార్లన్ కార్టర్ తుపాకితో కాల్చి చంపాడు. హత్యా నేరం రుజువై శిక్ష పడింది, కాని పైకోర్టులో అది రద్దయింది. ఆ కార్టర్ పెరిగి పెద్దవాడై అమెరికా సరిహద్దు గస్తీ దళానికి అధిపతి అయ్యాడు. తర్వాత 1977లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మహాసభలో పట్టు సాధించి, అంతవరకు గురి పోటీలూ వేటగాళ్ల శిక్షణా ప్రధానంగా ఉన్న ఆ సంఘాన్ని తుపాకి హక్కుల రాజకీయ శక్తిగా మార్చాడు. ఇంత చరిత్ర చేతిలో ఉంటే తక్కువ స్థాయి రచయిత ఉపన్యాసమే ఇచ్చేవాడు. కూలీ ఏం చేశాడో చూడండి. పాటకు చంపినవాడి పేరు పెట్టలేదు, చనిపోయిన పిల్లవాడి పేరు పెట్టాడు. నది ఒడ్డున పౌరుషం ఎక్కువ, ఆలోచన తక్కువ ఉన్న ఇద్దరు కుర్రాళ్లతో మొదలుపెట్టాడు. దరువు నేరుగా, వేగంగా సాగుతుంది. "ఉపన్యాసాలు" అన్నవారికి నేను ఎప్పుడూ చూపించే పాట ఇదే. ఇది కథే.

'గన్స్ ఆఫ్ అంప్క్వా' కూడా కథే. 2015 అక్టోబర్ 1న ఆరెగాన్ రాష్ట్రంలో ఒక కళాశాలలో కాల్పులు జరిగాయి. ఆ వేళ తరగతి గదిలో ఉన్న ఒక మనిషి మనసులో మెదిలే మాటలు ఈ పాట. బయట ప్రకృతి అందం, ఆ ఉదయపు నడక, అదే క్షణంలో ఈ గది. తుపాకుల చట్టం ఊసే రాదు. పాటర్సన్ అప్పటికే ఆరెగాన్‌కు మకాం మార్చాడు. బాణీ ఎంత మెత్తగా ఉంటుందంటే, మాటలు పట్టించుకోకుండా విన్నవారికి అది విహారయాత్ర పాటలా తోస్తుంది.

ముఖం మీద చెప్పినట్టుండే పాట 'వాట్ ఇట్ మీన్స్'. తుపాకి కాల్పుల్లో చనిపోయిన నల్లజాతి కుర్రాళ్లు ట్రేవాన్ మార్టిన్, మైకేల్ బ్రౌన్‌ల మరణాల తర్వాత రాసినది. ఎక్కువ తిట్లు తిన్న పాట ఇదే. కాని నెమ్మదిగా విని చూడండి. తీర్పులకంటే ప్రశ్నలే ఎక్కువ. 'దీని అర్థం ఏమిటి' అన్న దగ్గరే పల్లవి ఆగుతుంది, జవాబు రాదు. ఈ ఆల్బమ్ కచేరీల పర్యటనలో వాళ్లు వేదిక మీద 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' అన్న బోర్డు పెట్టుకుని వాయించారు. నేను వెళ్లిన ఒక కచేరీలో ఈ పాట మొదలవగానే నా పక్కన స్కినర్డ్ చొక్కా వేసుకున్న ఒకాయన తల అడ్డంగా ఊపి బయటకు వెళ్లిపోయారు. ఆయనతో వచ్చిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయి కదలలేదు. పాట అయ్యేవరకూ ముందున్న ఇనుప కమ్మీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆయన తర్వాతి పాటకు తిరిగి వచ్చారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. అదే ఆల్బమ్ గురించి ఆ ఇద్దరూ రాసి ఉంటే, మీరు చదివిన రెండు అభిప్రాయాలూ ఒకే ఇంటి నుంచి వచ్చినవై ఉండేవి.

'సరెండర్ అండర్ ప్రొటెస్ట్' చార్ల్స్‌టన్ తర్వాతి జెండా గొడవ మీద కూలీ పాట. కచేరీలో జనం గొంతు కలిపే పాట ఇది. 'ఎవర్ సౌత్'లో పాటర్సన్ తన పూర్వీకుల వలసల నుంచి తన వలస దాకా వస్తాడు. ఎంత దూరం వెళ్లినా నోట్లోని యాస తనతోనే వస్తుందని పాడతాడు. ఈ దేశంలో ఇన్నేళ్లుగా ఉంటున్న నాలాంటి తెలుగువాడికి అది తనకోసం రాసినట్టే ఉంటుంది. నా ఇంగ్లీషు వినగానే "మీరు ఎక్కడివారు" అని ఇప్పటికీ అడుగుతారు. చివరి పాట 'బ్యాగేజ్' హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ మరణం తర్వాత, మనిషిని లోపల తినేసే దిగులు గురించి. అందులో దేశ రాజకీయమేమీ లేదు. ఆల్బమ్ అంతా రాజకీయమే అన్నవారు దీని దాకా వచ్చి ఉండరు. 'కింకీ హిపోక్రిట్' మాత్రం నాకు తేలికగా అనిపిస్తుంది. నీతులు చెప్పేవారి కపటం మీద సరదా పాట, కాని ఈ పాటల పక్కన నిలవదు.

గిటార్ల గురించి రాసినవారి మాట కూడా నిజమే. ఇజ్బెల్ ఉన్న 2001 నుంచి 2007 దాకా మూడు గిటార్లు ఒకదాని మీద ఒకటి పడి గోడ కట్టినట్టు ఉండేది. ఇక్కడ గిటార్లు ప్రధానంగా పాటర్సన్, కూలీలవే. జే గొంజాలెజ్ కీబోర్డులూ గిటారూ పంచుకుంటాడు, బ్రాడ్ మోర్గన్ డ్రమ్స్, మాట్ పాటన్ బేస్. శబ్దం సన్నబడింది, పాటలు పొట్టివయ్యాయి. 'ఏంజెల్స్ అండ్ ఫ్యూజలేజ్' లాగా పాట ముగిశాక కూడా నిమిషాలకొద్దీ సాగే గిటార్ల కోసం వచ్చినవారికి ఇక్కడ ఆకలి తీరదు. మీకు స్కినర్డ్‌లో ఆ పొడవైన గిటార్ సంభాషణలే ఎక్కువ ఇష్టమైతే, ముందే తెలుసుకుని వినండి. నా మటుకు నాకు మాట స్పష్టంగా వినబడాల్సిన ఆల్బమ్‌లో ఆ ఖాళీ మేలే చేసింది.

ఇజ్బెల్ గురించి వాదించేవారితో నాకు పేచీ లేదు. అతడు గొప్ప రచయిత, అతడున్న కాలం గొప్పది. కాని 2007లో వెళ్లిపోయిన మనిషి లేకపోవడాన్ని 2016 నాటి ఆల్బమ్ లోపంగా రాసిన అభిప్రాయం మీకు ఆల్బమ్ గురించి ఏమీ చెప్పదు. దాన్ని దాటేయండి.

ఇకమీదట అభిప్రాయాలు చదివేటప్పుడు ఒకటి చూడండి: రాసినవారు ఏ పాటలోనైనా ఒక చోటును చూపించారా? ఈ చరణం, ఈ డ్రమ్ దెబ్బ, ఈ మాట అని వేలు పెట్టి చూపించినవారు తిట్టినా చదవండి. "మనసు విరిగింది" అని మాత్రమే రాసినవారు పొగిడినా ఉపయోగం లేదు. విడుదలైన మొదటి వారంలో రాసినవాటికంటే, ఏడాది తర్వాత రాసినవి నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తాయి.

ఎలా వినాలో కూడా చెబుతున్నాను. ఒక సాయంత్రం ముందుగా 'సాటర్డే నైట్ స్పెషల్' పెట్టండి. అది అవగానే 'రమోన్ కసియానో' పెట్టండి. రెండూ తుపాకి గురించే, రెండూ దక్షిణాది కుర్రాళ్లు పాడినవే, మధ్య నలభై ఒక్క ఏళ్లు. ఆ తర్వాత 'పుట్టిన్ పీపుల్ ఆన్ ద మూన్', వెంటనే 'వాట్ ఇట్ మీన్స్'. రెండో రకం శ్రోతలు ఏం పోగొట్టుకున్నామని బాధపడుతున్నారో ఈ జతలో మీకు వినిపిస్తుంది. మరుసటి రోజు 'అమెరికన్ బ్యాండ్' మొదటి నుంచి చివరి దాకా, వరస మార్చకుండా, పాటల మాటలు ఎదురుగా పెట్టుకుని వినండి. విన్నాక మీకు ఏ పాట దగ్గర ఇబ్బంది అనిపించిందో ఇక్కడే రాయండి. నచ్చిన పాటకంటే దాని గురించి వినాలని నాకు ఎక్కువ ఆసక్తి.